డొమైన్ పేర్ల నమోదు: వివరాలు అడగటంలో ఉద్దేశం ఏమిటి?

ఉన్నత పాఠశాలలో విద్యార్థిని చేర్చుకొనేటప్పుడు అడ్మిషన్ రిజిస్టరులో కొన్ని వివరాలు వ్రాస్తారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, నివాసం, రెండు పుట్టుమచ్చలు. ప్రతి గడికీ ఒక కారణం ఉన్నది. పుట్టిన తేదీ వయస్సు నిర్ణయానికి. పుట్టుమచ్చలు పదవ తరగతి పరీక్షలో ఒకరికి బదులు మరొకరు కూర్చోకుండా చూడటానికీ, సర్టిఫికెట్టు ఫలానావారిదే అని తరువాత రుజువు చేయటానికీ. వ్రాయటం అయిన తరువాత రిజిస్టరు బీరువాలోకి పోతుంది. అదే రిజిస్టరును బడి వాకిట వ్రేలాడగట్టి, దారిన పోయే వారందరినీ చదువుకొమ్మంటే తల్లిదండ్రులు ఊరుకోరు. రిజిస్టరులో ఒక్క అక్షరమైనా మారలేదు. కాని ఏ పనికోసం ఆ వివరాలు అడిగారో ఆ పని ఎల్లలు దాటిపోయింది.

ఇంటర్నెట్టులో డొమైన్ పేర్లు నమోదు చేసుకొన్నవారి వివరాలు 2018 వరకు ఇట్లాగే వాకిట వ్రేలాడాయి. మనిషి పేరు, తపాలా చిరునామా, టెలిఫోన్ నంబరు, ఈ-మెయిల్, అన్నీ లోకంలో ఎవరైనా, ఏ కారణమూ చెప్పకుండా చూడవచ్చును. అసలు వీటిని ఎందుకు అడుగుతున్నాం అన్న ప్రశ్నకు ఒక ఒప్పుకోదగిన జవాబు కుదరటానికి పదిహేను సంవత్సరాలకు పైగా పట్టింది. ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని బెదిరింపుల మధ్య పత్రికారచన చేసే ఒక స్త్రీ ఇంటి చిరునామా దాగి ఉంటుందా లేదా అన్నది దాని మీద ఆధారపడి ఉన్నది. దొంగ బ్యాంకు వెబ్‌సైటును నమ్మి డబ్బు పోగొట్టుకొన్న మనిషి తరఫున పోలీసులు ఎవరిని పట్టుకోగలరు అన్నదీ దాని మీదనే ఆధారపడి ఉన్నది.

ముందుగా డొమైన్ పేరు అంటే ఏమిటో తెలియాలి. కంప్యూటర్లు ఒకదానిని మరొకటి గుర్తించేది అంకెలతో. 192.0.2.10 వంటి అంకెల వరుసలు మనిషికి జ్ఞాపకం ఉండవు, పేర్లు ఉంటాయి. పేరు చెబితే దానికి సరిపడే అంకెలు చెప్పే ఏర్పాటును డొమైన్ నేమ్ సిస్టమ్ అంటారు. 1983లో అమెరికాలో పాల్ మొకపెట్రిస్ దీనిని రూపొందించాడు. ఈ పేర్లను యంత్రం కుడి నుంచి ఎడమకు చదువుతుంది. ఒక పాఠశాల పేరు చివర ‘డాట్ ఇన్’ అని ఉన్నదనుకొందాం. దానిని వెదికే కంప్యూటరు, మొదట మూల సర్వరును కలుసుకొని, డాట్ ఇన్ పేర్ల లెక్క ఎవరి దగ్గర ఉన్నదో తెలుసుకొంటుంది. అక్కడికి పోయి, ఆ పాఠశాల పేరుకు సంబంధించిన సర్వరు ఏదో తెలుసుకొంటుంది. చివరకు ఆ సర్వరు అంకెలను చెబుతుంది. ఉత్తరం మీద రాష్ట్రం, జిల్లా, ఊరు చూసి తపాలా శాఖవారు దారి పట్టించటం వంటిదే ఇది. తేడా ఒక్కటే: ఇదంతా సెకనులో కొద్ది భాగంలో జరిగిపోతుంది.

ఈ వ్యవహారంలో ముగ్గురు ఉంటారు. పేరు కావాలని అడిగేవాడు నమోదుదారు. అతనికి పేరును అమ్మి, వివరాలు వ్రాసుకొనేది రిజిస్ట్రార్ అనే సంస్థ. డాట్ కామ్, డాట్ ఇన్ వంటి ఒక్కొక్క తెగకు చెందిన పేర్ల మొత్తం జాబితాను కాపాడేది రిజిస్ట్రీ. మన దేశపు డాట్ ఇన్ పేర్లకు రిజిస్ట్రీ నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. తెలుగు లిపిలో వ్రాసే ‘డాట్ భారత్’ కూడా దాని అధీనంలోనిదే.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి, ఈ యంత్రాంగం పని చేయటానికి ఏ వివరాలు అవసరమో లెక్క వేయాలి. పేరు కావాలి. ఆ పేరుకు సమాధానం చెప్పే సర్వరు ఏదో తెలియాలి. గడువు తేదీ ఉండాలి. అంతే. నమోదుదారు ఎవరు, ఎక్కడ ఉంటాడు, ఫోను నంబరెంత అన్నవి యంత్రానికి అక్కరలేదు. ఇది ఊహ కాదు. డాట్ కామ్ రిజిస్ట్రీని నడిపే వెరిసైన్ సంస్థ దగ్గర 15 కోట్లకు పైగా పేర్ల జాబితా ఉన్నది. ఆ జాబితాలో నమోదుదారుల పేర్లు గాని, చిరునామాలు గాని లేవు. అవి రిజిస్ట్రార్ల దగ్గరే ఉంటాయి. అయినా డాట్ కామ్ ఒక్క పూట కూడా ఆగకుండా నడుస్తున్నది. కనుక మనిషి వివరాలు అడిగేది యంత్రం కోసం కాదు, మరొక మనిషి కోసం. ఆ రెండవ మనిషి ఎవరు? అతనికి వాటితో ఏమి పని? తగాదా అంతా ఇక్కడ మొదలవుతుంది.

మొదటి రోజులలో ఈ ప్రశ్న ఎవరికీ తోచలేదు. తోచవలసిన అవసరమూ లేదు. ఇంటర్నెట్టుకు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లు మాత్రమే. వాటి పేర్ల పట్టిక కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఒక కార్యాలయం దగ్గర ఉండేది. ఆ కార్యాలయానికి అధిపతిగా ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆమె 1972 నుంచి 1989 వరకు పని చేసింది. 1982 మార్చిలో ఆ కార్యాలయం ‘హూఈజ్’ అనే సదుపాయం గురించి ఒక పత్రం వెలువరించింది. ‘ఎవరు?’ అని దాని అర్థం. ఒక పేరు పంపితే ఆ మనిషి చిరునామా, ఫోను నంబరు తిరిగి వస్తాయి. నెట్‌వర్కు వాడేవారంతా తమ పూర్తి పేరు, తపాలా చిరునామా, టెలిఫోన్ నంబరు, ఈ-మెయిల్ పెట్టె నమోదు చేయించుకోవాలని అందులో కోరారు.

ఇక్కడ ఒక సంగతి గమనించదగినది. 1982 నాటికి డొమైన్ పేర్లే లేవు. అవి వచ్చింది మరుసటి సంవత్సరం. అంటే హూఈజ్ పుట్టింది డొమైన్ పేర్ల కోసం కాదు. అది ఒకరికొకరు తెలిసిన పరిశోధకుల మధ్య తిరిగే టెలిఫోను పుస్తకం. ఒక కంప్యూటరు మొరాయిస్తే అవతలి వానికి ఫోను చేసి ‘అయ్యా, మీ యంత్రం చూసుకోండి’ అని చెప్పటానికి పనికి వచ్చేది. డొమైన్ పేర్లు వచ్చిన తరువాత వాటి నమోదు వివరాలు కూడా అదే పుస్తకంలోకి ఎక్కాయి. 1985 మార్చి 15న మొట్టమొదటి డాట్ కామ్ పేరు, సింబాలిక్స్ అనే కంపెనీది, నమోదయింది. 1990 దశకంలో వ్యాపారం ప్రవేశించి పేర్లు లక్షలకు, తరువాత కోట్లకు పెరిగాయి. 1998లో ఈ పేర్ల విధానాలను చూసుకోవటానికి ఐకాన్ అనే సంస్థ కాలిఫోర్నియాలో ఏర్పడింది. ప్రతి రిజిస్ట్రారు నమోదుదారు పేరు, తపాలా చిరునామా బయట పెట్టాలని, పరిపాలన బాధ్యునివి, సాంకేతిక బాధ్యునివి ఫోను నంబర్లతో సహా బయట పెట్టాలని ఐకాన్ తన ఒప్పందాలలో వ్రాసింది. వందమంది పరిచయస్థుల ఏర్పాటు కోట్లమంది అపరిచితులకు అట్లాగే సంక్రమించింది. మధ్యలో ‘ఎందుకు?’ అని నిలబడి అడిగిన రోజు ఒకటి లేదు.

ఫలితాలు త్వరలోనే కనిపించాయి. ఈ-మెయిల్ చిరునామాలను యంత్రాలతో ఏరుకొని చెత్త ఉత్తరాలు పంపేవారు వచ్చారు. గడువు తేదీలు చూసి, బిల్లులాగా కనిపించే కాగితాలు తపాలాలో పంపి, అమాయకుల చేత డబ్బు కట్టించుకొన్నవారు వచ్చారు. దీనితో చాలామంది నమోదుదారులు ఆత్మరక్షణకు అబద్ధపు వివరాలు ఇవ్వసాగారు. ఐకాన్ కోరగా చికాగోకు చెందిన నార్క్ సంస్థ నమూనాలు తీసి పరీక్షించి, 2010లో వెలువడిన నివేదికలో, కఠినమైన కొలమానంతో చూస్తే పూర్తిగా సరియైన వివరాలు సుమారు 23 శాతం మాత్రమే అని తేల్చింది. అందరికీ కనిపించేట్లు పెట్టిన రిజిస్టరులో నిజం వ్రాసేవారు తగ్గిపోవటం వింత కాదు.

అయితే రెండవ వైపు కూడా ఉన్నది. దానిని తేలికగా తీసివేయరాదు. ఒక దొంగ బ్యాంకు సైటు బయటపడిందనుకొందాం. దర్యాప్తు చేసేవారు దాని నమోదు వివరాలు చూస్తారు. పేరు అబద్ధమే కావచ్చును. కాని అదే అబద్ధపు పేరు, అదే ఈ-మెయిల్ మరి నలభై సైట్లకు కూడా ఇచ్చి ఉంటే ఆ నలభై ఒకే ముఠావని తెలిసిపోతుంది. ఇంకా ఎవరూ మోసపోకముందే వాటిని మూయించవచ్చును. అబద్ధమైనా పదే పదే చెబితే అది కూడా ఆనవాలే. భద్రతా నిపుణులు ఎన్నో సంవత్సరాలు ఈ పద్ధతి మీద ఆధారపడ్డారు. ఒకరి ట్రేడ్‌మార్కును మరొకరు డొమైన్ పేరుగా నమోదు చేసుకొంటే, ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలుసుకొనటానికీ ఈ వివరాలే ఆధారం.

ఇంత ఉపయోగం ఉన్నప్పుడు, ఇదే వివరాల సేకరణకు ఉద్దేశం అని ఎందుకు అనకూడదు? ఈ ప్రశ్న సహజమైనది. జవాబులోని మెలిక తెలుగులో మరికొంచెం చిక్కుగా ఉంటుంది. ఎందుకంటే ‘ప్రయోజనం’ అనే మాటను తెలుగువారు రెండర్థాలలోనూ వాడుతారు. ఏ పనికోసం చేశారో అదీ ప్రయోజనమే. చేసినందువల్ల కలిగిన లాభమూ ప్రయోజనమే. ఇక్కడ మొదటిదానిని ఉద్దేశమనీ, రెండవదానిని ఉపయోగమనీ విడదీసి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రిందటి వరకు రైలు పెట్టె తలుపు ప్రక్కన రిజర్వేషను చార్టు అతికించేవారు. ప్రయాణికుడు తన బెర్తు చూసుకోవటం దాని ఉద్దేశం. ఆ పెట్టెలో స్నేహితుడు వస్తున్నాడేమో అని చూసుకోవటం ఒక ఉపయోగం. ఏ స్త్రీ ఒంటరిగా ప్రయాణిస్తున్నదో, ఆమె వయస్సెంతో తెలుసుకోవటం కూడా ఒకడికి ఉపయోగమే. ఉపయోగాలకు అంతు లేదు; ఒక వస్తువు చేతికి దొరికితే ఎవరి ఉపయోగం వారు వెదుక్కొంటారు. ఉద్దేశం మాత్రం సేకరించేవాడు ముందుగా చెప్పవలసింది, అతడు కట్టుబడవలసింది. ఉపయోగాలనన్నిటినీ పోగు చేసి ఉద్దేశమని పేరు పెడితే, ఇక దేనినీ అడగకూడదనే హద్దు ఉండదు.

ఈ సంగతిని అధికారికంగా మొదట గట్టిగా చెప్పినవారిలో యూరపులోని వ్యక్తిగత సమాచార రక్షణాధికారుల సంఘం ఒకటి. 2003లో ఆ సంఘం హూఈజ్ మీద ఒక అభిప్రాయం ప్రకటించి, దాని ఉద్దేశం ఏమిటో స్పష్టంగా నిర్ణయించమని కోరింది. ఐకాన్‌లో చర్చలు సాగాయి. 2006 ఏప్రిల్ 12న, విధానాలు రూపొందించే సభలో రెండు నిర్వచనాలు వోటుకు వచ్చాయి. మొదటిది సన్నని నిర్వచనం: పేరుకు సంబంధించిన సర్వరు అమరికలో చిక్కు వస్తే, దానిని సరిచేయగల బాధ్యుడిని, లేదా అతనికి కబురు చేర్చగలవాడిని, కలుసుకోవటానికి చాలినంత సమాచారం ఇవ్వటం. రెండవది విశాలమైనది: పేరు నమోదుకు గాని, వాడుకకు గాని సంబంధించిన సాంకేతిక, న్యాయ, ఇతర చిక్కులలో బాధ్యుడిని కలుసుకోవటం. తేడా అంతా ‘ఇతర’ అన్న మాటలో ఉన్నది. ఆ మాటలో పట్టని విషయం ఏమీ లేదు. సభ మొదటి నిర్వచనాన్ని ఆమోదించింది. కాని అది కాగితం మీదనే ఉండిపోయింది. దొంగతనాల దర్యాప్తు, వినియోగదారుల రక్షణ వంటి ఉపయోగాలను పట్టించుకోవాలని ప్రభుత్వాల ప్రతినిధులు 2007 మార్చిలో తమ సూత్రాలు ప్రకటించారు. అదే సంవత్సరం అక్టోబరులో, ప్రచురణను తగ్గించే ప్రతిపాదన వీగిపోయింది. రిజిస్టరు వాకిటనే వ్రేలాడుతూ వచ్చింది.

దానిని దించింది చర్చ కాదు, చట్టం. యూరోపియన్ యూనియన్ 2016లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన 2018 మే 25న అమలులోకి వచ్చింది. స్పష్టంగా చెప్పిన, న్యాయసమ్మతమైన ఉద్దేశాల కోసమే వివరాలు సేకరించాలి. ఆ ఉద్దేశానికి అవసరమైనంతకు మించి అడగరాదు అని దాని మూలసూత్రాలు. ఉల్లంఘిస్తే రెండు కోట్ల యూరోలు గాని, సంస్థ ప్రపంచ వ్యాపారంలో 4 శాతం గాని, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా పడవచ్చును. మే 17న ఐకాన్ హడావుడిగా ఒక తాత్కాలిక నిబంధన చేసింది. వ్యక్తుల వివరాలను బయట చూపటం తగ్గించింది. కాని రిజిస్ట్రార్లు సేకరించటం మాత్రం మునుపటివలెనే సాగాలన్నది.

అసలు పరీక్ష జర్మనీలో జరిగింది. బాన్ నగరంలోని ఎపాగ్ అనే రిజిస్ట్రారు, నమోదుదారు వివరాలు తీసుకొంటాం గాని, పరిపాలన బాధ్యుని వివరాలు, సాంకేతిక బాధ్యుని వివరాలు వేరుగా తీసుకోం అన్నది. ఐకాన్ కోర్టుకు పోయింది. మే 29న బాన్ న్యాయస్థానం ఐకాన్ కోరికను త్రోసిపుచ్చింది. దాని తర్కం బడిపిల్లలకు కూడా అర్థమవుతుంది. మూడు గడులలోనూ నమోదుదారు తన ఒక్క పేరే వ్రాయవచ్చునని ఐకాన్ నియమాలే ఒప్పుకొంటున్నాయి. అట్లా వ్రాసినా పేరు నమోదవుతున్నది, పని జరుగుతున్నది. కనుక మిగిలిన రెండు గడులు అవసరమైనవి కావు. ఆగస్టు 1న కొలోన్‌లోని పై న్యాయస్థానం కూడా ఐకాన్‌కు అనుకూలంగా ఉత్తర్వు ఇవ్వలేదు.

ఒక ఫారంలోని గడి అవసరమా కాదా తేల్చటానికి ఇంతకంటె సులువైన పరీక్ష లేదు: ఆ గడిలో కొత్త సంగతి లేకపోయినా పని సాగితే, అది అనవసరం. ఉపాధ్యాయులు తమ పాఠశాలలో నింపే ఫారాలను ఒకసారి ఈ పరీక్షకు పెట్టి చూడవచ్చును.

ఆ తరువాత ఐకాన్‌లో ఒక బృందం కూర్చొని, 2019 ఫిబ్రవరిలో ఉద్దేశాల జాబితాను ఖరారు చేసింది. నమోదుదారుకు పేరు మీద హక్కు ఏర్పరచటం, అతనికి కబురు అందించగలగటం, ఒప్పందాల అమలును తనిఖీ చేయటం, పేర్ల తగాదాలు తీర్చటం, కొన్ని ప్రత్యేకమైన పేర్లకు అర్హత చూడటం, ఇవన్నీ తేలికగా ఒప్పుకోదగినవే. ఒక్కటి మాత్రం కొంచెం వివరించాలి. రిజిస్ట్రారు దివాలా తీస్తే పేర్లు ఎవరివో తెలియాలి గనుక వివరాల ప్రతి ఒకటి మూడవ వారి దగ్గర భద్రపరచాలి. ఇది పుస్తకాలలోని భయం కాదు. 2007లో రిజిస్టర్‌ఫ్లై అనే అమెరికా రిజిస్ట్రారు కుప్పకూలింది. కొందరు తమ పేర్లు పోగొట్టుకొన్నారు. మిగిలిన పేర్లను మరొక రిజిస్ట్రారుకు మార్చవలసి వచ్చింది. హక్కుదారు ఎవరో వ్రాసి పెట్టకపోతే నష్టపోయేది హక్కుదారే. వివరాలు అడగటమే తప్పు అనేవారు ఈ సంఘటనను గుర్తు పెట్టుకోవాలి.

జాబితాలో రెండవ ఉద్దేశం దగ్గర మళ్ళీ పాత చిక్కే వచ్చింది. చట్టబద్ధంగా వివరాలు కోరేవారికి ఇవ్వటం ద్వారా పేర్ల వ్యవస్థ భద్రతకు తోడ్పడటం అని అందులో వ్రాశారు. మూడవ వారి అవసరాన్ని ఐకాన్ తన సొంత ఉద్దేశంగా చెప్పుకొంటున్నదని యూరోపియన్ కమిషన్ అభ్యంతరం తెలిపింది. 2019 మేలో ఐకాన్ పాలకవర్గం మిగిలినవాటిని ఆమోదించి, దీనిని ప్రక్కన పెట్టింది. తరువాత ‘కోరేవారికి ఇవ్వటం’ అన్న భాగం తీసివేసి, భద్రతకు తోడ్పడటం వరకే ఉంచి మళ్ళీ చేర్చారు. పోలీసులు వివరాలు అడగరాదని దీని అర్థం కాదు. వారు అడగవచ్చును, తమ చట్టం, తమ కారణం చూపి అడగాలి. వారు ఎప్పుడో అడుగుతారని చెప్పి అందరి దగ్గరా ముందే అన్నీ తీసుకోవటానికి వీలులేదు.

ఈ విధానం 2025 ఆగస్టు 21 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. పరిపాలన బాధ్యుని గడి పోయింది. డాట్ కామ్ వంటి పేర్ల విషయంలో రిజిస్ట్రార్లు హూఈజ్ నడపవలసిన బాధ్యత 2025 జనవరి 28తో ముగిసింది. దాని స్థానంలో ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. పాత పద్ధతి అడిగినవాడెవడో తెలుసుకోలేదు, అందరికీ ఒకే జవాబు ఇస్తుంది. కొత్తది అడిగేవాడిని గుర్తించి, అతని అర్హతను బట్టి కొంత చూపి కొంత దాచగలదు. ఉద్దేశాలు వేరువేరుగా విడదీయనంతకాలం ఇటువంటి యంత్రం ఉన్నా ప్రయోజనం లేదు. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఈ దారినే నడిచింది. ఆ చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు: వైద్య సలహా ఇచ్చే యాప్ ఒకటి ఫోనులోని పరిచయస్థుల నంబర్లు కూడా అడిగి, మనిషి ‘సరే’ అన్నా, ఆ సమ్మతి వైద్య సలహాకు అవసరమైన వివరాల వరకే చెల్లుతుంది.

తగాదా పూర్తిగా తీరలేదు. యూరపులో 2022లో చేసిన మరొక చట్టం, పేర్ల వ్యవస్థ భద్రత కోసం నమోదుదారు పేరు, ఈ-మెయిల్, ఫోను నంబరు సరిగా సేకరించి ఉంచాలనీ, న్యాయమైన కారణంతో అడిగినవారికి 72 గంటలలోగా జవాబు చెప్పాలనీ ఆదేశించింది. ఐకాన్ తన ఉద్దేశంగా చెప్పుకోరాదన్న పని ఈ విధంగా చట్టం ద్వారా తిరిగి వచ్చింది. ఇక ‘సరిగా’ అంటే ఏమిటి? 2013 నాటి ఒప్పందం ప్రకారం రిజిస్ట్రారు 15 రోజులలోగా నమోదుదారు ఈ-మెయిల్ గాని, ఫోను గాని పని చేస్తున్నదో లేదో చూడాలి. కబురు అందించటమే ఉద్దేశమైతే ఇది చాలు. ఫోను మ్రోగితే, ఉత్తరానికి బదులు వస్తే పని జరిగినట్లే. మోసగాడిని కోర్టులో నిలబెట్టటమే ఉద్దేశమైతే ఇది ఏమాత్రం చాలదు. గుర్తింపు కార్డు చూడాలి, దానిని పరీక్షించాలి, భద్రపరచాలి. అప్పుడు ఒక బడి పేరు కోసం ఏడాదికి కొన్ని వందల రూపాయలు కట్టే ఉపాధ్యాయుని గుర్తింపు పత్రం కూడా ఎక్కడో దేశాంతరంలోని కంప్యూటరులో చేరి ఉంటుంది. ఈ రెండింటిలో ఏది ‘సరియైన’ వివరమో నిర్ణయించటానికి ఐకాన్ 2021లో ఒక బృందాన్ని వేసింది. 2022లో ఆ పని మధ్యలో ఆగింది.